వెల చెప్పని బేరము
కొవ్వాడ అణువిద్యుత్కేంద్రమును గూర్చి

శ్రీకాకుళము జిల్లా రణస్థలము మండలమందలి కొవ్వాడ తీరమున అణువిద్యుత్కేంద్రమును నెలకొల్పుటకు కేంద్ర ప్రభుత్వమువారు సూత్రప్రాయముగా అంగీకరించినది 2009వ సంవత్సరమున. 2025వ సంవత్సరము గడచునాటికిని అచ్చట రియాక్టరు పునాదికి ఒక్క తట్టెడు కాంక్రీటైనను పడలేదు. ఈ పదునారేండ్లలో ఢిల్లీలో ప్రధానమంత్రి మారెను. అమెరికాలో మువ్వురు అధ్యక్షులు గద్దె నెక్కిరి. రియాక్టరులమ్మ వచ్చిన కంపెనీ మారెను. మారి వచ్చిన కంపెనీ దివాలా తీసి పరహస్తగతమయ్యెను. రాష్ట్రమే రెండుగా విడిపోయెను. మారనిది ఒక్కటే కలదు: ఆ విద్యుత్తు వెల యెంత యను ప్రశ్నకు నాడును సమాధానము లేదు, నేడును లేదు.

సముద్రమునకు వందల మైళ్ల దూరమున సిద్దిపేటలో కూర్చున్న మీకు కొవ్వాడ ముచ్చట యేల యని కొందరడుగవచ్చును. మూడు హేతువులు చెప్పెదము. మొదటిది, విద్యుత్తునకు పొలిమేరలు లేవు. 2013 డిసెంబరు 31వ తేదీన దక్షిణ ప్రాంతపు విద్యుద్వ్యవస్థ దేశవ్యవస్థతో ఏకమైనది. నేడొక చోట ప్రియముగా పుట్టిన కరెంటు రేపు మన బిల్లులోనికి రాదని హామీ యిచ్చువారు లేరు. రెండవది, పెద్ద కట్టడము పేర ఊళ్లు లేచిపోవుట యనగా నేమో ఈ జిల్లాకు ఎవరును నేర్పనక్కరలేదు. మల్లన్నసాగరము క్రింద వేములఘాటు, పల్లెపహాడు, ఏటిగడ్డ కిష్టాపూరు మున్నగు గ్రామములు మునిగినవి. మూడవది, పని జరుగకున్న నెపమును ప్రజలపై వేయుట పాలకులకు పాత అలవాటు. ఆ నెపము మనపైనను పడినది. కావున ఆ వాదము నిలుచునదో నిలువనిదో విచారించుట మనకు విధి.

ఒక్క పోలిక చాలును. కొవ్వాడకు ఢిల్లీ అంగీకారము దొరకిన ఆ 2009వ సంవత్సరముననే, నవంబరు 29వ తేదీన, తెలంగాణమునకై సిద్దిపేటలో నిరాహారదీక్ష తలపెట్టబడెను. దీక్షకు బయలుదేరిన నాయకుని దారిలోనే పట్టుకొనిరి, ఉద్యమము మిన్నంటెను, 2014 జూను 2వ తేదీన రాష్ట్రమేర్పడెను. పార్లమెంటునందలి రెండు సభలను ఒప్పించి ఒక రాష్ట్రమును సాధించుటకు అయిదేండ్లు చాలలేదా? అట్టి యుద్యమమున కాలినడకన ఊరూర తిరిగిన మావంటి కార్యకర్తలకు, సర్వాధికారములును చేతనుంచుకొనిన ప్రభుత్వము పదునారేండ్లలో ఒక పునాదిరాయి వేయలేకపోవుట విడ్డూరముగ తోచుటలో వింత యేమున్నది?

ముందుగా కథను వరుసగా చెప్పుకొందము. 2005 జూలైలో భారత, అమెరికా ప్రభుత్వములు అణుసహకారమునకు ఒప్పుకొనినవి. 2008 అక్టోబరులో ఒడంబడికపై చేవ్రాళ్లు పడినవి. అందుకు ప్రతిఫలమా యనునట్లు గుజరాతులోని మీఠీవిర్ది, మన కొవ్వాడ అను రెండు స్థలములు అమెరికా కంపెనీలకై కేటాయింపబడెను. మీఠీవిర్ది వెస్టింగుహౌసువారికి, కొవ్వాడ జి.ఇ. హిటాచీవారికి. జి.ఇ. హిటాచీవారు కొవ్వాడలో కట్టదలచిన నమూనా రియాక్టరు ప్రపంచమున ఎక్కడను కట్టబడినది కాదు. మొదటి ప్రయోగమునకు మన సముద్రతీరమే దొరకినది! ఆ కంపెనీవారు మన నష్టపరిహార చట్టము తమకు సరిపడదని వెనుకకు తగ్గిరి. అంతట 2016వ సంవత్సరమున, గుజరాతు రైతులు వలదన్న వెస్టింగుహౌసు రియాక్టరులను మీఠీవిర్ది నుండి యెత్తి కొవ్వాడకు తెచ్చిరి. 1,208 మెగావాట్లు గల ఏ.పి. 1000 రియాక్టరులారు. ఆ యేటి జూనులో ప్రధానమంత్రియు అమెరికా అధ్యక్షుడును కలసి, 2017 జూను నాటికి కాంట్రాక్టు ముగించెదమని ప్రకటించిరి. 2017 మార్చి 29వ తేదీన, అనగా గడువునకు మూడు నెలల ముందుగనే, వెస్టింగుహౌసు కంపెనీ అమెరికా న్యాయస్థానమున దివాలా పిటిషను దాఖలు చేసెను. 2018లో బ్రూక్‌ఫీల్డు వారు దానిని కొనిరి. 2019 మార్చిలో ఆరు అమెరికా రియాక్టరులు కట్టుదమని మరల సంయుక్త ప్రకటన. 2025 ఫిబ్రవరిలో అమెరికా నమూనా రియాక్టరుల పథకమును నెరవేర్తుమని ఇంకొక సంయుక్త ప్రకటన.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఇట్టి సందర్భమునకే పుట్టినది. కాంట్రాక్టు లేదు, వెల లేదు, పూచీ లేదు. కాని భూమి మాత్రము రైతుల నుండి కావలసి వచ్చినది. కొవ్వాడ, రామచంద్రాపురము, గూడెము, కోటపాలెము మున్నగు గ్రామములలో ఇంచుమించు రెండు వేల యెకరములకు గురి పెట్టిరి.

ఇంతటి జాప్యమునకు కారణమేమని అడిగినచో ఢిల్లీ నుండి రెండు జవాబులు వచ్చుచుండెను. ఒకటి, ప్రజల యాందోళనలు. రెండు, 2010వ సంవత్సరపు అణునష్ట పౌరబాధ్యతా చట్టము. న్యాయస్థానమున ప్రతివాది యిట్టి జవాబు దాఖలు చేసినచో వకీలు చేయు పని యొక్కటే: సాక్ష్యము నడుగుట. అడిగి చూతము.

మొదట ఆందోళన సంగతి. తమిళనాటి కూడంకుళము ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణముగా చెప్పబడును. సోవియట్ దేశముతో ఒడంబడిక జరిగినది 1988 నవంబరులో. ఆ దేశమే చీలిపోవుటచే పని నిలిచి, 1998లో ఒడంబడిక తిరిగి ప్రాణము పోసికొనెను. 2002 మార్చిలో నిర్మాణము మొదలయ్యెను. మొదటి యూనిట్ 2007 డిసెంబరునకు ముగియవలెను. అచ్చటి బెస్తలు వేలకొలదిగా నిరాహారదీక్షలు పూనినది 2011వ సంవత్సరమున. పని చిక్కుబడినది ఇంచుమించు ఆరు నెలలు. 2012 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వము పోలీసు బలముతో మరల దారి తెరచెను. యూనిట్ వాణిజ్యపరముగా పనిచేయ నారంభించినది 2014 డిసెంబరు 31న. లెక్క చూడుడు. మొత్తము ఆలస్యము ఏడేండ్లు. ఆందోళన పుట్టునప్పటికే మూడున్నరేండ్లు దాటిపోయినవి. ఆరు నెలల దోషమును ఏడేండ్లకు పూయుట యే న్యాయము? అంతలో 13,171 కోట్ల అంచనా 22,462 కోట్లకు పెరిగెను.

ఆందోళన లేని చోట ఏమి జరిగినదో చూతము. గుజరాతులోని కాక్రపారున మన దేశపు నమూనా 700 మెగావాట్ల రియాక్టరులు రెండు 2010 నవంబరులో ఆరంభమైనవి. అచ్చట పనిని నిలిపిన ప్రజాందోళన లేదు. అలిగిపోయిన విదేశీ కంపెనీ లేదు. మూడవ యూనిట్ 2023 జూనులోను, నాలుగవది 2024 మార్చిలోను వాణిజ్యోత్పత్తికి వచ్చెను. 11,459 కోట్లకు మంజూరైనవి 22,500 కోట్లకు మించినవి. కల్పాక్కములో 2004లో మొదలైన ఫాస్ట్ బ్రీడరు రియాక్టరునకు 3,492 కోట్లని అంచనా వేసిరి. అందు కోరు నింపు కార్యారంభమునకు ప్రధానమంత్రి సాక్షిగా నిలిచినది 2024 మార్చిలో. నడుమ నిరువదియేండ్లు. ఈ ఆలస్యములకు ఏ బెస్తవాడు కారణము? ఏ రైతు అడ్డుపడెను? కొత్త నమూనాను మొదటిసారి కట్టునపుడు కష్టములుండును, యంత్రభాగములు వేళకు అందవు, ఇది యొప్పుకొనదగినదే. కాని ఆ నిజమును నిజముగనే చెప్పవలెను. తమ లెక్క తప్పినందుకు ఎదుటివానిని ముద్దాయిగ నిలుపరాదు.

ఇక రెండవ జవాబు. 2010 నాటి చట్టమున 17వ సెక్షను (బి) ఖండము క్రింద, సరఫరాదారుడు లోపముగల సామగ్రి యిచ్చినందున ప్రమాదము జరిగినచో, పరిహారము చెల్లించిన కేంద్రమువారు ఆ సొమ్మును సరఫరాదారుని నుండి రాబట్టుకొనవచ్చును. విదేశీ కంపెనీలకు కంటిలో నలుసు ఈ ఖండమే. ఇది యున్నంతకాలము పని సాగదనిరి. మంచిది. మరి 2015 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ఢిల్లీకి వచ్చినపుడు ఈ చిక్కు విడిపోయినదని ఇరుప్రభుత్వములును చాటలేదా? ఆ యేడే 1,500 కోట్లతో బీమా నిధి ఏర్పరుపలేదా? 2016 ఫిబ్రవరిలో పరిహారమును గూర్చిన అంతర్జాతీయ ఒడంబడికను మనము ధ్రువపరుపలేదా? 2015లో తీరిన చిక్కు 2025లో మరల అడ్డముగ నెట్లు వచ్చెను? రెండింటిలో ఒక్కటి మాత్రమే నిజము కావలెను.

దీనికన్న గొప్ప సాక్ష్యము వెస్టింగుహౌసు సొంత దేశమునుండియే వచ్చుచున్నది. అమెరికాలో మన చట్టము లేదు. అచ్చటి చట్టము కంపెనీకి కొమ్ముకాయునదే. అయినను జరిగినదేమి? జార్జియా రాష్ట్రమందలి వోగ్టిల్‌లో ఏ.పి. 1000 రియాక్టరులు రెండు, 1,400 కోట్ల డాలరుల అంచనాతో మొదలై, 3,000 కోట్ల డాలరులు దాటి, ఏడేండ్లాలస్యముగా 2023 జూలైలోను 2024 ఏప్రిల్‌లోను పనిచేయ నారంభించెను. దక్షిణ కరోలినా రాష్ట్రమున వి.సి. సమ్మర్ అనుచోట అదే రకపు రియాక్టరులు రెంటిని, సుమారు 900 కోట్ల డాలరులు ఖర్చయిన పిమ్మట, 2017 జూలై 31న సగములో విడిచిపెట్టిరి. విద్యుత్తు రాలేదు; వినియోగదారులకు బిల్లు మాత్రము వచ్చెను. ఫ్రాన్సులో ఫ్లమాంవిల్ రియాక్టరు 2007లో మొదలై 2024 డిసెంబరులో తీగెలకు కలిసెను. 330 కోట్ల యూరోలన్నది 1,300 కోట్లు దాటెను. ఫిన్లాండులో ఒల్కిలువొటో 2005లో మొదలై 2023 ఏప్రిల్‌లో సక్రమముగా నడువసాగెను. ఈ దేశములలో కొవ్వాడ బెస్తలు లేరు. 17వ సెక్షను లేదు. రోగము యంత్రమున్న చోటను, దానిని కట్టించు పద్ధతియందును ఉన్నది కాని మన చట్టమునందు లేదని తేలుటకు ఇంతకు మించిన నిదర్శన మేమి కావలెను?

ఆ రోగమేమో సామాన్యులకు తెలియుటకు పెద్ద శాస్త్రజ్ఞానమక్కరలేదు. బొగ్గు విద్యుత్తున ఖర్చులో పెద్దపాలు బొగ్గుది. అణువిద్యుత్తున యురేనియము ఖర్చు స్వల్పము. పెద్దపాలు కట్టడమునకు పెట్టిన పెట్టుబడియు, దానిపై వడ్డీయు. కట్టుచున్నంతకాలము ఒక్క యూనిట్ కరెంటు పుట్టదు. వడ్డీ మాత్రము పుట్టుచుండును. నూటికి యేటా ఎనిమిది వంతున పదివేల కోట్లు అప్పు తెచ్చి పదేండ్లు ఊరక నుంచినచో చక్రవడ్డీతో ఇరువదియొక వేల కోట్లు దాటును. అప్పుపత్రము వ్రాసి యిచ్చిన ప్రతి రైతునకును ఈ లెక్క కంఠపాఠము. కావుననే అణుకేంద్రము విషయమున ఆలస్యమనగా ఖర్చే. నమూనా పూర్తిగ సిద్ధము కాకముందే, వెల తేలకముందే, దేశాధినేతల కరచాలనములకు ఒక అలంకారముగా ప్రకటనలు చేయుటయే ఈ రోగమునకు మూలము. విందులో ప్రకటింపబడిన కర్మాగారమును ఇంజనీరు ఎట్లు కట్టగలడు?

ఇప్పుడు వెల సంగతి. ప్రభుత్వము చెప్పలేదు గనుక మనమే వేసికొని చూతము. వోగ్టిల్ రెండు రియాక్టరుల సామర్థ్యము ఇంచుమించు 2,234 మెగావాట్లు. 3,000 కోట్ల డాలరులను డాలరునకు 85 రూపాయల వంతున మార్చినచో 2,55,000 కోట్ల రూపాయలు. అనగా మెగావాటుకు సుమారు 114 కోట్లు. కాక్రపారులో 1,400 మెగావాట్లకు 22,500 కోట్లు. మెగావాటుకు 16 కోట్లు. అమెరికాలో కూలి హెచ్చు, వడ్డీల తీరు వేరు, మన దేశమున చౌకగా కట్టవచ్చునని ప్రతివాదులందురు. ఒప్పుకొందము. చైనావారు ఇదే రకమును సన్మెన్‌లో 2009 నుండి 2018 వరకు, తొమ్మిదేండ్లకైనను, కట్టి ముగించిరి. వోగ్టిల్ ఖర్చులో మూడవ వంతుకే కొవ్వాడలో కట్టెదరనుకొందము. అప్పుడైనను మెగావాటుకు 38 కోట్లు. మన సొంత రియాక్టరు ఖర్చునకు రెండింతలు మించినది. ఈ తేడాను ఎవరు భరింతురు? వెస్టింగుహౌసువారా? సిద్దిపేట సాలెవాడు, శ్రీకాకుళము జీడిరైతు భరింపవలసియుండును.

ఈ ధరను నిర్ణయించు అధికారమైనను మన రాష్ట్రపు విద్యున్నియంత్రణ మండలికి ఉన్నదా యనిన, లేదు. 1962 నాటి అణుశక్తి చట్టము 22వ సెక్షను ప్రకారము అణువిద్యుత్తు ధరను కేంద్రప్రభుత్వమే నిర్ణయించుచు వచ్చెను. బొగ్గు విద్యుత్తు ధరపై బహిరంగ విచారణలో రైతుసంఘమువారు లేచి ప్రశ్నింపవచ్చును. అణువిద్యుత్తు ధరపై ఆ వాడుక లేదు. కొనువాడు నోరెత్తరాని బేరము బేరమగునా?

ఇట్లుండగా 2025 డిసెంబరులో పార్లమెంటువారు 'శాంతి' అను ముద్దు పేరుగల క్రొత్త చట్టమును చేసిరి. 17వ తేదీన లోకసభ, 18వ తేదీన రాజ్యసభ. 1962 చట్టమును, 2010 చట్టమును ఒక్కసారిగా రద్దుపరచిరి. ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరచిరి. సరఫరాదారుని లోపమునకు చట్టముచేతనే కలుగు బాధ్యతను తీసివేసిరి. కాంట్రాక్టులో వ్రాసికొనినచో, లేదా బుద్ధిపూర్వకముగ కీడు చేసినచో మాత్రమే రాబట్టవచ్చునట. పదిహేనేండ్లు విదేశీ కంపెనీలు కోరినది రెండు దినములలో దొరకెను. కొవ్వాడ రైతు కోరినది పదునారేండ్లకును దొరకలేదు.

ఈ చట్టమున పరిహారపు పరిమితులను రియాక్టరు ఉష్ణశక్తినిబట్టి తరగతులు చేసిరి. 3,600 మెగావాట్లకు మించిన వానికి 3,000 కోట్లు. 1,500 నుండి 3,600 వరకు 1,500 కోట్లు. వినుటకు పరిమితి పెరిగినట్లుండును. కాని ఏ.పి. 1000 రియాక్టరు ఉష్ణశక్తి ఇంచుమించు 3,400 మెగావాట్లు. అనగా కొవ్వాడకు వర్తించునది 1,500 కోట్లే. 2010లోను అంతియే, 2025లోను అంతియే. ఈ పదిహేనేండ్లలో బియ్యము ధర పెరిగినది, సిమెంటు ధర పెరిగినది, రియాక్టరు ధర రెండింతలైనది. ప్రమాదమున చెడిపోవు మన బ్రతుకు ధర యొక్కటి పెరుగలేదు.

1,500 కోట్లనగా ఎంతటి సొమ్మో కొలుచుటకు రెండు కొలబద్దలు కలవు. 2011 మార్చిలో ఫుకుషిమాలో జరిగిన ప్రమాదమునకు మొత్తము వ్యయము 21.5 లక్షల కోట్ల యెన్నులని 2016లో జపాను ప్రభుత్వమే అంచనా వేసెను. యెన్నుకు అర్ధరూపాయి వంతున చూచినను పది లక్షల కోట్ల రూపాయలకు పైమాట. రెండవది మన యింటిది. 1984 డిసెంబరులో భోపాలు విషవాయువునకు వేలమంది బలియైరి; 1989లో 47 కోట్ల డాలరులకు రాజీ కుదిరెను; అది చాలదని వేసిన పిటిషనును 2023 మార్చిలో సుప్రీముకోర్టువారు త్రోసివేసిరి. రాజీ ముగిసిన వెనుక అదనపు సొమ్ము రాబట్టుట యెంత దుస్తరమో ఈ దేశమునకు అంతకంటె చక్కగా ఎవరును బోధింపలేరు. అట్టి అనుభవమున్న దేశము, కంపెనీ బాధ్యతను చట్టమునుండి తుడిచి కాంట్రాక్టు దయకు వదలుట వివేకమగునా?

ఇప్పుడు ఆ తీరమువారి దినచర్యను తలపోయుడు. సేకరణ నోటిఫికేషను పడిన భూమిని కొనువాడుండడు. దానిని నమ్మి అప్పిచ్చు బ్యాంకుండదు. నేడో రేపో లేచిపోవలసిన ఇంటికి క్రొత్త కప్పు వేయ మనసొప్పదు. పిల్ల పెండ్లికి పొలమమ్మవలసిన తండ్రి గతి యేమి? శ్రీకాకుళపు బెస్తలు ఏండ్ల తరబడి గుజరాతులోని వెరావలునకు వలసపోయి పరాయి పడవలలో చేపలు పట్టుచున్నారు. 2018 నవంబరులో అట్లు పోయినవారిని పాకిస్తానువారు సముద్రముపై పట్టుకొని చెరనుంచి 2020 జనవరిలో విడిచిరి. గుజరాతు వలదన్న రియాక్టరులు శ్రీకాకుళమునకు వచ్చుచుండగా, శ్రీకాకుళపు బెస్తలు కూటికై గుజరాతునకు పోవుచున్నారు! విధి ఆడు ఆట కాదిది. పాలకులు చేయు ఏర్పాటు.

2013వ సంవత్సరపు భూసేకరణ చట్టమున 101వ సెక్షను కలదు. స్వాధీనపరచుకొనిన భూమి అయిదేండ్లలో వినియోగమునకు రానిచో, దానిని పూర్వపు యజమానికో, ప్రభుత్వ భూనిధికో తిరిగి చేర్చవలెనని దాని తాత్పర్యము. ఇది రైతునకు చేసిన దానము కాదు, హక్కు. మన ప్రాంతమున 2015లో 123వ నంబరు జి.ఓ. ద్వారా ఈ చట్టమును చుట్టుదారిన తప్పించుకొనజూచినపుడు, 2016 ఆగస్టులో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. చట్టము చదివిన రైతు ఎదుట జి.ఓ.లు నిలువజాలవని నాడు మనము చూచితిమి. ఆ పాఠము కొవ్వాడకును చేరవలెను. మల్లన్నసాగరము విషయమున ఎన్ని కన్నీళ్లు కారినను, 2022 ఫిబ్రవరిలో జలాశయమున నీరు నిలిచినది. ఊళ్లు పోయినందుకు ఫలమేదో కండ్లకు కనబడెను. కొవ్వాడలో ఊరికి ఊరట లేదు, దేశమునకు దీపము లేదు. త్యాగమును కోరువాడు దాని ఫలమును చూపవలెను; చూపలేనివాడు భూమిని తిరిగి యీయవలెను.

మమ్ము అణుశక్తికే ప్రతికూలురనుకొందురేమో. కాము. విద్యుత్తు లేని తెలంగాణపు చీకటి రాత్రులలో, బోరుబావి మోటారు కొరకు నడిరేయి పొలమునకు పోయి పాముకాటుకు బలియైన రైతుల కథలు మన పల్లెలలో ఇంటింట నున్నవి. మాకు విద్యుత్తు కావలెను. 2014 నాటి పునర్విభజన చట్టమున ఎన్.టి.పి.సి. ద్వారా తెలంగాణమున 4,000 మెగావాట్ల కేంద్రము నెలకొల్పుదుమని వ్రాసియిచ్చిరి. పదేండ్లు గడచిన పిమ్మట రామగుండమున తేలినది 1,600 మెగావాట్లు. వాగ్దానపు విద్యుత్తుతో మోటారు తిరుగదని మాకు తెలియును. బొగ్గు పొగ యెల్లకాలము సాగదనియు, సూర్యుడు రాత్రి ప్రకాశింపడనియు కూడ తెలియును. అణువిద్యుత్తునకు దేశమున తగిన స్థానమున్నది. అయితే ఆ స్థానమును మన చేతులతో మనము సంపాదించుకొనగలము. 700 మెగావాట్ల రియాక్టరును మన ఇంజనీరులే రూపొందించిరి. అట్టి భారజల రియాక్టరులకు ఇంధనపు కట్టలను హైదరాబాదులోని అణుఇంధన సముదాయము 1970 దశకము నుండి తయారు చేయుచున్నది. ఆలస్యమైనను, ఖర్చు పెరిగినను, ఆ ధనము దేశముననే తిరుగును. ఆ అనుభవము దేశముననే నిలుచును. తప్పు జరిగినచో అడుగుటకు మనిషి చేతికందును. 2017లో ఇట్టి రియాక్టరులు పదింటికి ఒక్కసారిగా మంజూరు దొరకెను. వానిని వేళకు ముగించుటకు పడవలసిన పాటును, పరదేశపు రియాక్టరు ప్రకటనలకు వెచ్చించుట స్వరాజ్యమునకు తగిన బుద్ధి కాదు.

2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్తు సాధింతుమని 2025 ఫిబ్రవరి బడ్జెటులో ఆర్థికమంత్రి ప్రకటించిరి. నాటికి దేశమున ఉన్నది తొమ్మిది వేల మెగావాట్లకు లోపు. ఉన్నదానిని ఇరువదిరెండేండ్లలో పదకొండు రెట్లు చేయవలెనన్న మాట. ఇట్టి సంకల్పమునకు ముందు కొవ్వాడ లెక్క తేల్చుట అవసరము కాదా? పాత పద్దు మూయనివాడు క్రొత్త పుస్తకము తెరచుట వ్యాపారులలో మర్యాద కాదు.

కావున కేంద్ర ప్రభుత్వమును మేము కోరునది నాలుగు మాటలు. ఒకటి: కాంట్రాక్టుపై చేవ్రాలు పడక పూర్వమే, కొవ్వాడ విద్యుత్తు యూనిట్ ఒక్కింటికి ఏ ధర పడునో పార్లమెంటు ముందుంచి, ఉభయ తెలుగు రాష్ట్రములలోను బహిరంగ విచారణ జరుపవలెను. ఆ ధరకు మించిన ప్రతి రూపాయిని అమ్మినవాడు భరింపవలెనని ఒడంబడికలో వ్రాయవలెను. రెండు: చట్టము తుడిచిన సరఫరాదారుని బాధ్యతను కాంట్రాక్టులో తప్పక చేర్పవలెను; చట్టమే అందుకు చోటిచ్చినది గనుక, చేర్పకున్నచో అది అశక్తత కాదు, ఇచ్చవచ్చిన ఉదారత యగును. మూడు: కొవ్వాడను కట్టెదరో కట్టరో ఒక తేదీ నిర్ణయించి చెప్పవలెను, ఆ తేదీ దాటినచో భూములు రైతులకు చేరవలెను, వేచియున్న ఏండ్లకు నష్టము చెల్లింపవలెను. నాలుగు: ఆలస్యమునకు కారణమేమని పార్లమెంటులో అడిగినపుడు ఏ సంవత్సరమున ఏ కారణముచే ఎన్ని నెలలు పోయెనో పట్టిక వేసి చూపవలెను. ఆ పట్టికలో ప్రజల వాటా యెంతయో, పాలకుల వాటా యెంతయో లోకము చూచును.

మన శాసనసభ్యులకును పార్లమెంటు సభ్యులకును ఒక్క మాట. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియము త్రవ్వకములు వలదని తెలంగాణ శాసనసభ ఏకగ్రీవముగ తీర్మానించెను. నాడు పార్టీలను మరచి ఒక్క గొంతుతో పలికినవారు, ప్రజల విద్యుత్తు బిల్లును గూర్చి అట్లే పలుకరాదా? ఆంధ్ర సోదరులారా, రాష్ట్రములు రెండైనను మీటరులో తిరుగు చక్రము ఒక్కటే. మీ తీరమున పడు భారము మా మెట్టభూములకు తగులక మానదు. మా అనుభవము మీకు అక్కరకు రాక మానదు. ఊరు ఖాళీ చేయమని వచ్చిన ఉద్యోగిని, పరిహారమెంత యని అడుగుటకు ముందు, కాంట్రాక్టు ఏదీ యని అడుగుడు; వెల యెంత యని అడుగుడు; ఎన్నడు దీపము వెలుగునని అడుగుడు. ఈ మూడింటికి జవాబు లేనివానికి మీ పొలము గట్టు దాటు హక్కు లేదు.